పదకొండో కార్డు

ఏటా శ్రావణంలో మా పెద్ద డాక్టరు గారు ఎక్కిన మద్రాసు బండి ఆదోని స్టేషన్లో ఐదు నిమిషాలు ఆగేది. ఆ ఐదు నిమిషాల్లో నా దర్జా చూడాల్సింది మీరు. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన తల, చేతిలో దారంతో కట్టిన కార్డుల కట్ట. "ఏం యేసేపన్నా, ఈపొద్దు మీ డాక్టరు వస్తాడా?" అని స్టేషన్ కూలీలు అడిగితే, గవర్నరు గారే దిగుతున్నంత గంభీరంగా తలాడించేవాణ్ణి. థూ! ఇప్పుడు తలుచుకుంటే నా మొహం నాకే చూడబుద్ధి కాదు.

నేను ఆదోనిలో ఒక చిన్న మిషను దవాఖానాలో కాంపౌండరుని. కోపిష్టి కాంపౌండరని పేరు. పెద్ద డాక్టరు అంటే రామన్న గారు. ఆలూరు పక్క ఒక పల్లెలో పుట్టి, ఎట్లాగో చదువుకుని, రాయచూరు దాటి రెండు జిల్లాల అవతల ఒక క్షయ ఆసుపత్రిలో రొమ్ము ఆపరేషన్లు చేసే సర్జన్ అయ్యారు. ఊపిరితిత్తిలో పుండు పడినవాళ్లకు ఆ పక్క ఐదారు పక్కటెముకలు తీసేసేవారు. ఎముకల ఆసరా పోయాక ఊపిరితిత్తి అణిగి, లోపలి పుండు మూసుకునేది. మనిషికి ఒక భుజం జారిపోయేది, ప్రాణం మాత్రం నిలిచేది. మా వైపు నుంచి అలా వెళ్లి బతికి వచ్చినవాళ్లు పదకొండు మంది. ఎమ్మిగనూరు మగ్గాలవాళ్లు ముగ్గురు, ఆదోని పత్తిమిల్లు కూలీలు నలుగురు, హాలహర్విలో ఇద్దరు, ఉరుకుందలో ఒకరు. పదకొండో మనిషి తిమ్మక్క. దేవనకొండలో బస్సు దిగి మూడు మైళ్లు నడిస్తే వాళ్ల ఊరు.

గుండెకూ రొమ్ముకూ కోత పెట్టే డాక్టర్లంతా ఏడాదికోసారి మద్రాసులో కూడేవారు. మూడు రోజుల సభ. ఒక్కొక్కరూ లేచి తాము చేసింది చెబుతారు, మిగతావాళ్లు ప్రశ్నలతో పీక్కుతింటారు. "ఆపరేషన్ చేసినామంటే ఆడ ఎవరూ మెచ్చుకోరు యేసేపూ. నాలుగేండ్లకు ఆ మనిషి ఏమైనాడు, అది సెప్పు అంటారు," అని డాక్టరు గారు ఒకసారి నాతో అన్నారు. అందుకే ఆ కార్డులు అచ్చు వేయించారు. మనిషికొకటి. బరువెంత? దగ్గు ఉందా? రక్తం పడుతోందా? పని చేసుకుంటున్నారా? అడుగున ఒక గీత, ఆ గీత మీద నా సంతకం. గీత కింద 'కంటితో చూసినవారు' అని ఉండేది.

సభకు ముందు నెలంతా సెలవు దొరికినప్పుడల్లా నేను ఊరూరూ తిరిగేవాణ్ణి. భుజాన సంచీ, సంచీలో కొక్కెం ఉన్న స్ప్రింగు త్రాసు. దాన్ని వేపకొమ్మకు తగిలించి, కింద నులకతాడుతో ఉయ్యాల కట్టి, మనిషిని కూర్చోబెట్టి తూచేవాణ్ణి. ఊరంతా చుట్టూ మూగి నవ్వేది. "శెనక్కాయ మూటను తూసినట్ల తూస్తాండావే అప్పా," అని తిమ్మక్క సిగ్గుతో పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. పాతికేళ్లు ఉంటాయేమో ఆమెకి. ఎడమ భుజం జారి ఉంటుంది. ఆ భుజంతోనే గడ్డి మోసేది.

ఆపరేషన్ అయి వచ్చిన కొత్తలో కాస్త దగ్గు వచ్చినా సరే, మొగుడు సుంకప్పను వెంటేసుకుని ఆదోనికి వచ్చేసేది. ఒకరోజు దవాఖానా నిండా జనం. నాకు ఒళ్లు మండింది. "ఊరికే ఊరికే వచ్చి నా ప్రాణం తీయొద్దు! నాటుమందు తినొద్దు, ఇంకో డాక్టరు గడప తొక్కొద్దు. ఏటా సభకు ముందు నేనే మీ ఊరికి వస్తాను కదా? ఏమున్నా అప్పుడు నాకు చెప్పు," అని నలుగురిలో కసిరాను. "అట్లే అప్పా," అని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. మంచి పని చేశానని అప్పుడు నన్ను నేనే మెచ్చుకున్నాను.

యాభై ఏడులో సభకు నెల ముందు డాక్టరు గారి ఉత్తరం వచ్చింది. "ఈ ఏడు నా మీద అందరూ విరుచుకుపడతారు యేసేపూ. కొత్త సూదిమందులు వచ్చాక ఇంకా ఎముకలు తీయడమేమిటి, ఇది కసాయి పని అంటున్నారు. ఏడాదిన్నర పాటు ఒక్కరోజు తప్పకుండా సూదులు వేయించుకునే తాహతు మనవాళ్లకు ఏదీ? ఆ మాట చెబితే వాళ్లకు అర్థం కాదు. నా పదకొండు మందీ బతికి పని చేసుకుంటున్నారని చూపిస్తేనే నా ఆపరేషన్లు సాగుతాయి. నీ కార్డులే నాకు సాక్ష్యం." ఆ చివరి మాటను కనపడిన ప్రతివాడికీ చదివి వినిపించాను.

పదిమందిని చూశాను. ఒట్టు, పదిమందినీ చూశాను. తూచాను, దగ్గించి విన్నాను, ఉమ్మి చూశాను. తిమ్మక్క ఒక్కతే మిగిలింది. బుధవారం డాక్టరు గారి బండి. నేను బయలుదేరింది సోమవారం, అదీ శ్రావణ సోమవారం. దేవనకొండకు ఎమ్మిగనూరులో బస్సు మారాలి. బుద్ధి ఉన్నవాడెవడూ శ్రావణ సోమవారం ఎమ్మిగనూరు బస్టాండులో నిలబడడు. ఉన్న బస్సులన్నీ ఉరుకుంద ఈరన్న స్వామి తిరునాళ్లకే. టాపు మీద మనుషులు, మనుషుల ఒళ్లో కొబ్బరికాయల బుట్టలు. దేవనకొండ బస్సు ఎప్పుడని అడిగితే కండక్టరు పగలబడి నవ్వాడు.

"ఈపొద్దు దేవనకొండకా? ఈరన్నకు మొక్కుకో అన్నా, రేపో ఎల్లుండో వస్తాది."

రెండున్నర గంటలు నిలబడ్డాను. త్రాసు భుజాన్ని కోసేస్తోంది. ఎండ మాడ్చేస్తోంది. పొద్దున తిన్న రొట్టె ఎప్పుడో అరిగిపోయింది. వచ్చేపోయేవాళ్లందరి మీదా నాకు కోపమే. అప్పుడు కనిపించాడు ఉచ్చీరప్ప. దేవనకొండ ఆసామి, తిమ్మక్క వాళ్ల ఊరి పొలిమేరలో అతనికి చేను ఉంది. పెళ్లాంబిడ్డలతో ఉరుకుందకు పోతున్నాడు.

"ఏమప్పా కాంపౌండరూ, ఈడ నిలబడినావు?"

"తిమ్మక్కను చూడాలి. బస్సు లేదు."

"సుంకప్ప పెండ్లామా? మొన్న శుక్రారం సేన్లో కలుపు తీస్తాండె. నా కండ్లతో సూసినా. బాగుండాది పో. దానికోసరం ఈ ఎండలో సస్తావా?"

ఆ మాట వినగానే నా కాళ్లనొప్పి సగం తీరింది. కలుపు తీస్తోందంటే బాగున్నట్టే కదా! బాగాలేని మనిషి చేనుకెందుకు పోతుంది? అలా అనుకున్నాను. పుట్టి పెరిగింది మెట్టచేల ఊళ్లో. మా అమ్మ చలిజ్వరంతో కలుపు తీయడం చూసినవాణ్ణి. మావాళ్లు పడిపోయేదాకా పనికి పోతారని నాకంటే ఎవడికి తెలుసు? తెలిసీ తెలియనట్టు నటించాను, అదీ నా ముందు నేనే.

హోటల్లో దూరి కడుపునిండా అన్నం తిన్నాను. చెయ్యి కడుక్కుని ఆ బల్ల మీదే కార్డు తీశాను. దగ్గు: లేదు. రక్తం: లేదు. పని: కలుపు తీస్తోంది. బరువు దగ్గర పెన్సిలు ఆగింది. పోయినేడు ఎనభై ఆరు పౌన్లు. మళ్లీ అదే అంకె వేస్తే చూడనట్టు తెలిసిపోతుందేమో? ఎనభై ఎనిమిది వేశాను. అవును, రెండు పౌన్లు నేనే పెంచాను, పప్పన్నం తిన్న చేత్తో. గీత మీద సంతకం పెట్టి, కిళ్లీ బిగించి, ఆదోనికి ఖాళీగా తిరిగిపోతున్న బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఆ సాయంత్రం నాకు ఏ బాధా లేదు. అది కూడా చెప్పాలి కదా, అందుకే చెబుతున్నాను.

బుధవారం బండి వచ్చింది. డాక్టరు గారు దిగి, కట్ట విప్పి, ఒక్కో కార్డూ చదివారు. ఆయనకు ప్రతి మనిషీ పేరుతో గుర్తే. పదకొండో కార్డు దగ్గర కళ్లజోడు పైకెత్తుకున్నారు.

"తిమ్మక్క ఎనభై ఎనిమిదా! సెబాస్! యేసేపూ, ఆ పిల్ల ఊపిరితిత్తి తెరిచి చూస్తే జల్లెడ. బతకదనే అనుకున్నా. అదే బతికి కలుపు తీస్తాంటే ఇంగ ఆడ ఎవడు నోరెత్తుతాడో చూస్తా."

"సార్..." అన్నాను.

"ఏం?"

"ఏం లేదు సార్. జాగ్రత్తగా పోయి రండి."

బండి వెళ్లిపోయింది. అప్పుడు చెప్పి ఉంటే ఎంత పోయేది? ఒక కార్డు తక్కువయ్యేది, నాలుగు చీవాట్లు పడేవి. అంతే కదా! ఆ నాలుగు చీవాట్లకు జడిశాను.

శనివారం పొద్దున్నే దవాఖానా తలుపు తీస్తున్నాను. మెట్ల మీద సుంకప్ప కూర్చుని ఉన్నాడు. ఒక్కడే వచ్చాడు. నన్ను చూసి లేచి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఏమప్పా, ఈ ఏడు నువ్వు రాకపోతివే?"

నిష్ఠూరం లేదు ఆ గొంతులో. నిజంగానే ఎందుకు రాలేదో తెలుసుకోవాలని అడుగుతున్నాడు.

"బస్సు దొరకలేదు. తిమ్మక్క ఎట్లుంది?"

"రగతం పడతాండాది అప్పా."

"ఎప్పట్నుంచి?"

"ఏరువాక కాడ్నుంచి."

ఏరువాక పున్నమి అయి రెండు నెలలు దాటింది. నా నోరు ఊరుకుంటుందా? తప్పు నాదైనా సరే, ముందు ఎదుటివాడి మీద అరవడం దానికి అలవాటు.

"రెండు నెలలా! ఏం మనుషులయ్యా మీరు? అప్పుడే తీసుకుని రావద్దా? కళ్లు మూసుకుని కూర్చున్నారా?"

సుంకప్ప తల వంచుకున్నాడు. "నేను పోదాం రమ్మే అంటి. అదే యినల్యా. ఊరికే పోతే కాంపౌండరప్ప తిడతాడు, సభకు ముందర ఆయప్పే వస్తాడు, వచ్చినప్పుడు సెప్పమన్యాడు అనె. శావణం వచ్చినాక దినామూ దోవకాడికి పోయి కూసుంటాండె. దేవనకొండ బస్సు దిగినోళ్లంతా వచ్చి పోయిందాకా సూసి, మళ్ల సేనికి పోతాండె. నిన్న పొద్దున కూడా పోయె. తిరిగి రాలేక ఆడ్నే పండుకుంటే నేను ఎత్తుకొని వస్తి."

తలుపు తోసుకుని మందుల బల్ల దాకా నడిచాను, సుంకప్ప నా వెనకే లోపలికి వచ్చాడు. ఓరి నాయనా! నేను ఎమ్మిగనూరు హోటల్లో కూర్చుని ఆమెకు దగ్గు లేదని రాస్తున్నప్పుడు, ఆమె దోవలో కూర్చుని నా కోసం చూస్తోంది. నేను కసిరినందుకు భయపడి నెత్తురు కక్కుకుంటూ ఇంట్లో ఉండిపోయింది. నా మాట అంత గట్టిగా నమ్మిన మనిషి ఇంకొకరు లేరు నా బతుకులో. సుంకప్ప ముందు ఏడవడానికి సిగ్గేసి మందుసీసాలు సర్దుతున్నట్టు అటు తిరిగాను.

ఆ రోజే అతనితో బయలుదేరాను. దేవనకొండ బస్సు ఆ రోజు ఠంచనుగా దొరికింది. దాన్ని చూస్తే కూడా నాకు కోపం వచ్చింది. మూడు మైళ్లూ సుంకప్ప ముందు, నేను వెనక. ఇంటి ముందు వసారాలో చాప మీద ఉంది తిమ్మక్క. నన్ను చూడగానే ముఖమంతా నవ్వు. లేవబోయి లేవలేక గోడకు ఆనుకుంది.

"వస్తివా అప్పా! నేను సెప్పలేదా, వస్తాడని?" అంది మొగుడితో.

ఎందుకు ఆలస్యమైందని అడగలేదు. కొంగుతో అరుగు తుడిచి కూర్చోమంది. రొమ్ముకు గొట్టం పెట్టి విన్నాను. వినడానికి నాకు పెద్ద చదువు అవసరం లేకపోయింది. కుడిపక్క కూడా, ఆపరేషన్ చెయ్యని పక్క కూడా, బురద కలిపినట్టు చప్పుడు. త్రాసు తగిలించాను. సుంకప్ప ఎత్తి ఉయ్యాలలో పెట్టాడు. ముల్లు డెబ్బై ఒకటి దగ్గర ఆగింది. ఈసారి చుట్టూ ఎవరూ నవ్వలేదు.

"ఎంతుండాను అప్పా?"

"పర్వాలేదు," అన్నాను.

ఇక ఉన్న దారి ఒక్కటే. డాక్టరు గారి ఆసుపత్రిలో మంచం దొరకాలి. అక్కడ నెలల తరబడి కనిపెట్టి చూసేవాళ్లుంటే, సూదులు తప్పకుండా పడితే, బతుకుతుంది. ఇక్కడ ఉంటే దీపావళి చూడదు. కానీ ఆ మంచాల కోసం ముందే పేర్లు రాసుకుని కాచుకున్నవాళ్లు వందమంది. డాక్టరు గారు నోరు తెరిచి చెబితే తప్ప ఖాళీ పుట్టదు. సభ ముగించుకుని ఆయన మంగళవారం పొద్దున తిరుగు బండిలో ఆదోని మీదుగానే పోతారు. ఆ ఐదు నిమిషాల్లో తిమ్మక్కను చూపించి, ఆ బండిలోనే ఎక్కించి పంపాలి.

ఆదివారం ఎద్దులబండిలో గడ్డి పరిచి దేవనకొండకు, అక్కడి నుంచి బస్సులో ఆదోనికి తెచ్చాం. దవాఖానా వెనక గదిలో పడుకోబెట్టాను. సోమవారమంతా పాలు, గంజి నా చేత్తోనే పట్టాను. చేసిన పాపం గంజితో కడిగేద్దామని కాబోలు! ఆమె ప్రతి గుటకకూ "నీకు శ్రమ అప్పా" అనేది. అన్నప్పుడల్లా నా తల ఇంకాస్త కిందికి పోయేది.

ఆ తర్వాత చేసిన పని చెప్పాలంటే నాకు ఇప్పటికీ నోరు రాదు. అయినా చెబుతాను. మంగళవారం పొద్దున జట్కా పిలవబోయే ముందు ఆమె పక్కన కూర్చున్నాను.

"తిమ్మక్కా, డాక్టరు గారు రక్తం ఎప్పట్నుంచి పడుతోందని అడుగుతారు. వారం నుంచి అని చెప్పు."

"ఏరువాక కాడ్నుంచి కదప్పా?"

"అట్లా చెబితే నాకు మాట వస్తుందమ్మా. నేను మీ ఊరికి రాకుండానే వచ్చినట్టు కార్డు రాశాను. అది తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. ఆయన ముందు నేను తలెత్తుకోలేను."

ఒక్క క్షణం నా వైపు చూసింది. నన్ను అసహ్యించుకుంటుందని అనుకున్నాను. అసహ్యించుకున్నా బాగుండేది.

"నీకు మాట వచ్చేదైతే యాలప్పా సెప్పేది? వారమే అంటాలే."

సుంకప్ప మాత్రం ముఖం పక్కకు తిప్పుకున్నాడు. జట్కాలో పోతున్నంతసేపూ తిమ్మక్క "వారం దినాలు, వారం దినాలు" అని పెదవుల్లో అనుకుంటూనే ఉంది, మర్చిపోతానేమోనని. మంచం దొరికితే చాలు కదా, రక్తం ఎప్పుడు మొదలైతేనేం అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

బండి ఆగీ ఆగకముందే డాక్టరు గారు దూకినట్టు దిగారు. ఆయన్ని అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు. ఆయన వెనక కిటికీ దగ్గర ఇంకో ఇద్దరు డాక్టర్లు, వాళ్లూ సభ నుంచి తిరిగిపోతున్నవాళ్లే.

"గెలిచినాం యేసేపూ! పదకొండుకు పదకొండు! గుండె కోసి అతికించే డాక్టర్లు కూడా చప్పట్లు కొట్టినారు. ఒక ముసలి సర్జన్ లేచి, పల్లెల్లో తిరిగి ఇంత ఓపికగా ఎవరు చూసినారయ్యా అని అడిగినాడు. నీ పేరు చెప్పినా. సభలో, అందరి ముందరా చెప్పినా." నా భుజం మీద చెయ్యి వేశారు.

ఆ చెయ్యి బరువుకు నేను అక్కడే భూమిలోకి కుంగిపోతే బాగుండునని అనిపించింది.

"సార్, తిమ్మక్కను తెచ్చాను," అని బెంచీ వైపు చూపించాను. ఆయన నవ్వు ఆగిపోయింది. గబగబా వెళ్లి ఆమె ముందు గొంతుకూర్చున్నారు. తిమ్మక్క మెడదాకా దుప్పటి కప్పుకుని ఉంది.

"ఏమ్మా, ఏమైంది?"

"రగతం సామీ."

"ఎప్పట్నుంచి?"

"వారం దినాలు సామీ." అప్పజెప్పిన పాఠంలా ఎక్కడా తడబడకుండా చెప్పింది.

"చిక్కినావే?"

"జరం వచ్చె సామీ. నాలుగు దినాలు నోట్లోకి ఏమీ పోలేదు." ఇది నేను నేర్పింది కాదు. నా కోసం ఆమె సొంతంగా కలిపింది.

డాక్టరు గారు నాడి చూసి, నా వైపు తిరిగారు. "ఆ సోమవారం నువ్వు తూచినప్పుడు ఎనభై ఎనిమిది కదా?"

"అవును సార్."

"అయితే ఒంట్లో బలం ఉన్నట్టే. అణిగిన ఊపిరితిత్తిలో ఒక్కోసారి కొంచెం నెత్తురు వస్తాది, తగ్గిపోతాది. భయం లేదు." ఆయన లేచి నిలబడ్డారు. "నువ్వే దగ్గరుండి సూదులెయ్యి. కదలనీయొద్దు. నెల తర్వాత నాకు రాయి, చూద్దాం. ఆసుపత్రిలో నేల మీద కూడా జాగా లేదు యేసేపూ. మొన్న ఖాళీ అయిన ఒక్క మంచానికి నలుగురు కొట్లాడుతున్నారు. ఇంతకంటే సీరియస్‌గా ఉన్నోళ్లను కాదని ఈ పిల్లకు ఎట్లా ఇయ్యాల?"

గార్డు ఈల వేశాడు. డాక్టరు గారు మెట్టు మీద కాలు పెట్టారు. ఆయన నమ్మింది ఆమె ఒంటిని కాదు, నా కార్డును. కళ్ల ముందు మనిషి సగమై కూర్చుని ఉంటే, నేను హోటల్లో వేసిన అంకెను చూసి వెళ్లిపోతున్నారు. తిమ్మక్క నా వైపు చూస్తోంది. సరిగ్గా చెప్పానా అన్నట్టు కళ్లతోనే అడుగుతోంది.

"సార్, అబద్ధం!" అని అరిచాను. ప్లాట్‌ఫారం మీద వాళ్లంతా తిరిగి చూశారు. "రెండు నెలల నుంచి పడుతోంది సార్! నేను చూడలేదు. ఆ ఊరికే పోలేదు. ఎమ్మిగనూరు హోటల్లో అన్నం తిని, అక్కడే కూర్చుని ఆ కార్డు రాశాను. వారం అని చెప్పమని నేనే నేర్పాను. డెబ్బై ఒక్క పౌను సార్ ఈ మనిషి! రెండోపక్క కూడా పోతోంది. తీసుకుపోండి సార్, మీ కాళ్లు పట్టుకుంటాను."

కిటికీలో ఇద్దరు డాక్టర్లూ బయటికి వంగి చూశారు. రామన్న గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. నన్ను కొడతారనుకున్నాను. మెట్టు దిగి బెంచీ దగ్గరికి వెళ్లి, దుప్పటి తొలగించి, ఆమె మెడ ఎముకలు, భుజాలు చూశారు. కుడివైపు వీపు మీద చెవి పెట్టి విన్నారు. తర్వాత గార్డు వైపు చెయ్యెత్తి, "ఒక నిమిషం ఆపండి, రోగి ఎక్కాల!" అని కేకేశారు. ఆయనా సుంకప్పా కలిసి ఆమెను ఎత్తి పెట్టెలోకి చేర్చారు. ఆ ఇద్దరు డాక్టర్లూ లేచి తమ సీటు ఇచ్చారు.

"మంచం, సార్?" అన్నాను కింద నుంచి.

"అది నేను చూసుకుంటా." వాకిలి కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. "మిగతా పదీ?"

"చూశాను సార్. పదిమందినీ తూచాను. దేవుని తోడు. పదిమందీ బాగున్నారు."

"ఎట్లా నమ్మాల యేసేపూ?"

కోపంగా అని ఉంటే తట్టుకునేవాణ్ణి. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"పదకొండు కార్డులూ వెనక్కి తీసుకుంటున్నానని రేపు సభవాళ్లకు రాయాల," అన్నారు, వెనకున్న ఇద్దరికీ వినిపించేలా. లోపలికి వెళ్లిపోయారు.

ఆ పదిమందీ నిజంగా బతికే ఉన్నారు. మగ్గం నేస్తున్నారు, పత్తి మోస్తున్నారు. ఆయన చేతి చలవతోనే బతికారు. అయినా ఇక ఎవరూ లెక్కపెట్టరు, ఆయనతో సహా. నా ఒక్క సంతకంతో ఆ పదిమందినీ లేనివాళ్లను చేశాను.

బండి కదిలింది. కిటికీలో తిమ్మక్క ముఖం కనిపించింది. సుంకప్ప వెనక నుంచి పట్టుకుంటే కమ్మీలకు ఆనుకుని, ఉన్న ఓపికంతా కూడగట్టుకుని అరుస్తోంది.

"అప్పా! నేను సరిగ్గానే సెప్తి కదప్పా? యాడ తప్పిపోతినో ఏమో! నా వల్ల నీకు మాట వచ్చె! ఏమనుకోవద్దప్పా!"

"నీ తప్పేం లేదమ్మా! నీ తప్పేం లేదు!" అని బండి వెంట పరిగెత్తుతూ అరిచాను. చక్రాల చప్పుడులో ఆమెకు వినపడలేదు. కిటికీ లోంచి రెండు చేతులూ జోడించి, మన్నించమని నన్ను అడుగుతూనే ఉంది.